యల్లాప్రగడ సుబ్బారావుగారి జీవితము

వేసవి ప్రవేశింపగనే కొల్లాపురము తోటలనుండి దించిన పచ్చి మామిడికాయలను మనవారు గడ్డిలో మాగవేయుదురు. కొన్ని దినములకు కాయలు పండును. కాయలోనుండి వెలువడు ఇథిలీన్ అను వాయువే ఆ కాయను, దాని ప్రక్కనున్న కాయలను గూడ పండించుచున్నది. గద్వాల సీమలో ప్రత్తి పూత, పిందె రాలకుండుటకై రైతులు చల్లు మందులలో ఒకటి, మొక్క తనలో తాను తయారుచేసికొను ఆక్సిన్ అను పదార్థమును పోలినది. మధుమేహ రోగి సూదిమందుగా తీసికొను ఇన్సులిన్, ఆరోగ్యవంతుని దేహములో క్లోమగ్రంథినుండి రక్తములోనికి స్రవించు పదార్థము. ఇట్లు అత్యల్ప పరిమాణమున పుట్టి, ఇతర భాగములకు వ్యాపించి, పెరుగుదలను పోషణను శాసించు పదార్థములకు హార్మోనులని పేరు. ఆంగ్ల శాస్త్రజ్ఞుడు స్టార్లింగు 1905లో ఈ పేరును ప్రచారములోనికి తెచ్చెను.

ఐతే శాసించుట వేరు, పని జరుగుట వేరు. చెరువుకట్టకు గండి పడినదని ఊరిలో చాటింపు వేసినంతమాత్రమున కట్ట నిలువదు. పారపట్టు చేతులు కావలెను, ఆ చేతులకు కూలి ముట్టవలెను. దేశమునందలి అనేక ఆనకట్టలను తమ చేతులతో కట్టిన పాలమూరు కూలీల బిడ్డలకు ఈ సంగతి వేరుగ చెప్పనక్కరలేదు. జీవకోటి దేహములలో హార్మోను చాటింపువంటిది. ఆ చాటింపు ననుసరించి జరుగు పనికి కూలివలె చెల్లు పదార్థ మొకటి కలదు. దానిని అడినోసిన్ ట్రైఫాస్ఫేటు అనియు, పొట్టిగా ఏ.టి.పి. అనియు అందురు. ఆ పదార్థమును కనుగొన్నవారిలో ఒకరు మన తెలుగువారు. వారే డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావుగారు.

సుబ్బారావుగారు 1895 జనవరి 12వ తేదీన భీమవరమున జన్మించిరి. మన నడిగడ్డలో జన్మించిన సురవరము ప్రతాపరెడ్డిగారికంటె వారు ఒక్క యేడు పెద్ద. తండ్రి జగన్నాథముగారు రెవిన్యూ శాఖలో చిరుద్యోగి. తల్లి వెంకమ్మగారు. సంతానము ఏడుగురు, సంపాదన స్వల్పము. బాల్యమున సుబ్బారావుగారికి చదువుపై బుద్ధి కుదురలేదు. పదమూడేండ్ల ప్రాయమున, కాశీయాత్రికులకు అరటిపండ్లు అమ్మి ధనము గడింపవచ్చునను ఆశతో బంధువగు మరియొక బాలునితో కలిసి ఇల్లు విడిచి బయలుదేరగా, పెద్దలు వెదకి మరలించి తెచ్చిరి. రాజమహేంద్రవరములో చదువు సాగుచుండగా ఇంట వరుసగా వచ్చిన వ్యాధులు, మరణములు వారిని క్రుంగదీసెను. మెట్రిక్యులేషను పరీక్షలో రెండు పర్యాయములు తప్పిరి. తల్లి పట్టుదలవలన మద్రాసు హిందూ ఉన్నత పాఠశాలలో చేరి, మూడవ యత్నమున ఉత్తీర్ణులైరి.

పిమ్మట మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో చదివిరి. ఆ కాలమున రామకృష్ణ మఠమువారి బోధలకు ఆకర్షితులై సన్యసింప నిశ్చయించుకొనిరి. మఠమువారు ఆ తొందరను వారించి, వైద్యవిద్య నేర్చి రోగులకు సేవ చేయుట మేలని ఉపదేశించిరి. వారు మద్రాసు వైద్య కళాశాలలో చేరుటకు కారణమిదియే. చదువునకు ధనసహాయము చేసినవారిలో కస్తూరి సూర్యనారాయణమూర్తిగారు ముఖ్యులు. వారి కుమార్తె శేషగిరిగారిని సుబ్బారావుగారు 1919లో వివాహమాడిరి.

అది స్వదేశీ ఉద్యమము సాగుచున్న కాలము. సుబ్బారావుగారు శస్త్రచికిత్సాశాలలో ఖద్దరు దుస్తులు ధరించిరి. ఆంగ్లేయుడగు శస్త్రవైద్యాచార్యునికి అది రుచింపలేదు. పరీక్షలలో సామర్థ్యము చూపినను ఎం.బి.బి.ఎస్. పట్టమునకు మారుగా, దానికంటె తక్కువదియగు ఎల్.ఎం.ఎస్. పట్టము మాత్రమే వారికి లభించెను. ప్రభుత్వ వైద్యశాఖలో ఉద్యోగము దొరకలేదు. ఒక వస్త్రముకొరకు వారు చెల్లించిన మూల్యము ఇది.

ఇంతలో వారి ఇద్దరు సోదరులు కొద్ది దినముల వ్యవధిలోనే మరణించిరి. వారిలో పురుషోత్తముగారిని బలిగొన్నది స్ప్రూ అను గ్రహణి వ్యాధి. ఆహారము ఒంటబట్టక, రక్తము క్షీణించి, మనిషి ఎండిపోవు రోగమది. ఆనాటి పాశ్చాత్య వైద్యములో దానికి మందు లేదు. తరువాత అదే వ్యాధి సుబ్బారావుగారికిని సోకెను. ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద చికిత్సచే వారు బ్రతికి, మద్రాసులోని ఆయుర్వేద కళాశాలలో శరీరశాస్త్ర బోధకులైరి. కాని సోదరుని చంపిన రోగమునకు మూలమేదో కనుగొనవలెనను తపన వారిని వీడలేదు. కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకరు ధర్మసంస్థయు, మామగారును చేసిన ద్రవ్యసహాయముతో, భార్యను పుట్టింట నుంచి, అమెరికాకు ప్రయాణమైరి.

1922 అక్టోబరులో సుబ్బారావుగారు బోస్టను నగరమున అడుగిడిరి. వైద్యలోకమున అది మరపురాని సంవత్సరము. కెనడాలోని టొరంటోలో 1921లో బాంటింగు, బెస్టు అనువారు సిద్ధపరచిన ఇన్సులిన్‌ను 1922 జనవరిలో మొదటిసారి ఒక మధుమేహ బాలునకు ఇచ్చిరి. అదే యేడు ఆగస్టులో బోస్టను వైద్యుడు జోస్లిన్ తన రోగులకు దానిని ఇయ్యనారంభించెను. అంతవరకు పస్తులుంచుటతప్ప వేరు దారిలేని రోగులు తేరుకొని లేచి తిరుగుచుండిరి. ఒక్క గ్రంథియొక్క స్రావము ప్రాణము నిలుపగలదను వార్త నలుదెసల వ్యాపించుచుండిన నాళ్ళలో మన సుబ్బారావుగారు ఆ నగరముననే ఒక వైద్యశాలలో రాత్రివేళ రోగుల మలమూత్ర పాత్రలు ఎత్తు పనిచేసి పొట్టపోసికొనుచు, పగలు హార్వర్డు విశ్వవిద్యాలయమున ఉష్ణదేశ వైద్యము చదువుచుండిరి. 1924లో ఆ డిప్లొమా పొందిరి.

అటుపిమ్మట వారు హార్వర్డులోనే ఓటో ఫోలిన్ అను ఆచార్యుని జీవరసాయన శాఖలో చేరిరి. ఫోలిన్ మహాశయుడు చైనా దేశీయుడగు హ్సియెన్ వూ అను శిష్యునితో కలిసి, కొద్దిపాటి రక్తమునుండి అందలి చక్కెరను కొలుచు పద్ధతిని 1920లో వెల్లడించియుండెను. రక్తమునందలి చక్కెర కొన్ని రసాయనములతో కలిసినపుడు నీలివర్ణము పుట్టును. నీలము ఎంత చిక్కనిదైన చక్కెర అంత హెచ్చు. ఈ పద్ధతి చిరకాలము అనేక దేశముల వైద్యశాలలలో వాడుకలో నుండెను.

అక్కడ సైరస్ ఫిస్కే అను అధ్యాపకుని యొద్ద సుబ్బారావుగారు భాస్వరమును కొలుచు పనికి పూనుకొనిరి. రక్తమున, కండరమున, ఎముకలందు భాస్వరము ఫాస్ఫేటు రూపమున కలదు. ఇన్సులిన్ ఇచ్చినపుడు రక్తమున చక్కెరతోపాటు ఫాస్ఫేటు కూడ తగ్గుచున్నదని పరిశోధకులు అప్పటికే గమనించియుండిరి. కాని దానిని అల్ప పరిమాణములలో త్వరగా, తప్పులేక కొలుచు సాధనము కొరతగా నుండెను. ఫిస్కే, సుబ్బారావుగార్లు మాలిబ్డినము లవణమును, వేరొక రసాయనమును చేర్చి ఫాస్ఫేటును నీలివర్ణముగ మార్చి కొలుచు పద్ధతిని 1925లో ప్రకటించిరి. నేటికిని విద్యార్థులు ప్రయోగశాలలలో ఫిస్కే-సుబ్బారావు పద్ధతి యను పేరుతో దానిని నేర్చుచున్నారు.

కొలత సరియైనదైనచో క్రొత్త సత్యము దానియంతట అదియే ఎదురగును. కండరపు రసమును పరీక్షించునపుడు నీలివర్ణము వెంటనే పూర్తిగా రాక, క్రమక్రమముగా చిక్కబడుట వారికి కనిపించెను. ఇతరులైనచో పొరపాటని త్రోసివేయుదురేమో. వీరు కారణము వెదకిరి. కండరమున ఫాస్ఫేటు వేరొక పదార్థముతో కూడియుండి, పరీక్షించుచుండగనే మెల్లగా విడిపోవుచున్నది. అదియే ఫాస్ఫోక్రియాటిన్. 1927లో ఈ సంగతి లోకమునకు తెలిసెను. అదే సమయమున ఇంగ్లాండులో ఎగిల్టన్ దంపతులును ఇట్టి పదార్థమునే గుర్తించిరి. 1929లో ఫిస్కే, సుబ్బారావుగార్లు కండరమునుండి అడినోసిన్ ట్రైఫాస్ఫేటును వేరుపరచి ప్రకటించిరి. ఆ యేడే జర్మనీలో కార్ల్ లోమాన్ స్వతంత్రముగా దానిని కనుగొనెను. కండరము సంకోచించుటకు లాక్టిక్ ఆమ్లమే మూలమని అంతవరకు పెద్దలు నమ్మియుండిరి. ఆ నమ్మకము ఈ పరిశోధనలతో సడలెను. 1930లో సుబ్బారావుగారికి హార్వర్డు విశ్వవిద్యాలయము డాక్టరు పట్టము నొసగెను.

ఏ.టి.పి. యన నేమో పాఠకులకు కొంత వివరింపవలసియున్నది. అడినోసిన్ అను పదార్థమునకు మూడు ఫాస్ఫేటులు ఒకదాని వెనుక నొకటిగా తగిలియుండును. చివరి ఫాస్ఫేటు విడిపోవునపుడు పనికి వలయు శక్తి లభించును. మనము తిన్న జొన్న, వరి అన్నము చక్కెరగ మారి, ఆ చక్కెర కణములలో దహింపబడగా వచ్చిన శక్తితో విడిపోయిన ఫాస్ఫేటు మరల అతుకబడును. ఇట్లు ఒక్క దినములో మన దేహమున తయారై ఖర్చగు ఏ.టి.పి. మొత్తము సుమారు మన బరువంత యుండునని లెక్క. ఒకచో నిలువజేయు ధనము కాదది, చేతులు మారుచుండు నాణెము.

ఇక హార్మోనులకును ఈ నాణెమునకును గల సంబంధము చూతము. ఈ సంబంధములను కనుగొన్నవారు సుబ్బారావుగారి తరువాతివారు. భోజనానంతరము రక్తమున చక్కెర పెరుగగా, క్లోమములోని ప్రత్యేక కణములలో ఆ చక్కెర దహింపబడి ఏ.టి.పి. హెచ్చును. ఆ హెచ్చుదలవలన కణపు పొరలోని కొన్ని ద్వారములు మూసికొనును. దాని ఫలితముగా ఇన్సులిన్ వెలువడును. చక్కెర పెరిగినదని క్లోమమునకు తెలుపునది ఏ.టి.పి.యే. ఆ ద్వారముల సంగతి 1984లో బయల్పడెను. మధుమేహమునకు వాడు గ్లిబెన్‌క్లమైడ్, గ్లిమిపిరైడ్ మాత్రలు ఆ ద్వారములనే మూసి ఇన్సులిన్‌ను వెలువరించును. అందుచేతనే, క్లోమమున ఆ కణములు నశించినవారికి ఆ మాత్రలు పనిచేయక ఇన్సులిన్ సూదియే శరణ్యమగును. సూది పడినదనిన ఇక అయిపోయినదని మన పల్లెలలో భయపడువారు ఈ కారణమును గ్రహింపవలెను.

ఇన్సులిన్ కండరపు కణమును తాకినపుడు, ఆ కణముపై నుండు గ్రాహకము ఏ.టి.పి. నుండి ఫాస్ఫేటును గ్రహించియే పని మొదలిడును. లోన ప్రవేశించిన చక్కెరకును ఏ.టి.పి. ఒక ఫాస్ఫేటును తగిలించి, వెలికి పోకుండ బంధించును. ఉపవాసమున చక్కెర తగ్గినపుడు క్లోమమే గ్లూకగాన్ అను వేరొక హార్మోనును పంపును. దాని ఆజ్ఞను కాలేయములోని కణముల లోపలికి చేర్చు దూత, ఏ.టి.పి. నుండియే తయారగు ఒక చిన్న పదార్థము. ఆ దూత ఆనతిచే కాలేయము దాచియుంచిన చక్కెరను రక్తమునకు విడుచును. ఈ సంగతి 1950 తరువాతి దశకమున కనుగొన్న సదర్లాండునకు 1971లో నోబెల్ బహుమానము లభించెను. కూలికి చెల్లు నాణెమే ఇచ్చట చాటింపుగా మారుట వింత!

మొక్కలలోను ఇట్లే. ఆక్సిన్ ప్రేరణచే కణపు గోడలు సడలి మొక్క సాగును. ఆ గోడలను సడలించుటకు వలయు ఆమ్లమును వెలికి త్రోయు శక్తి ఏ.టి.పి.దే. కణములు విభజన చెంది క్రొత్త చిగురు పుట్టుటకు కారణమగు సైటోకైనిన్ అను హార్మోనును మొక్క ఏ.టి.పి.నుండియు, ఒక ఫాస్ఫేటు పోగా మిగిలిన దాని రూపమునుండియు తయారుచేసికొనును. మామిడిని పండించు ఇథిలీన్ పుట్టుటకును, మెథియోనిన్ అను పదార్థముతో మొదట ఏ.టి.పి. కలియవలెను. భీమవరపు బాలుడు పెద్దవాడై బోస్టనులో కండరమునుండి వేరుపరచిన పదార్థము కొల్లాపురపు మామిడిలోను, వనపర్తి వేరుసెనగ మొలకలోను, గద్వాల ప్రత్తి పిందెలోను ఒక్క తీరుగనే పనిచేయుచున్నది.

ఇంతటి పరిశోధన చేసినను హార్వర్డులో వారికి స్థిరమైన ఆచార్య పదవి దొరకలేదు. ఆనాడు అచ్చట విద్యార్థిగ నుండి, తరువాత 1988లో నోబెల్ బహుమానము పొందిన హిచింగ్సు, సుబ్బారావుగారు వేరుపరచిన కొన్ని పదార్థములు ఫిస్కే మాత్సర్యమువలన వెలుగు చూడక, పిమ్మట ఇతరులచే మరల కనుగొనబడవలసి వచ్చెనని చెప్పియుండెను. సుబ్బారావుగారు మాత్రము కీర్తికొరకు కలహింపలేదు. వారు ఊరకుండుట వారి ఔదార్యమే కావచ్చును. కాని దానివలన తెలుగుబిడ్డలు అనేకులు వారి పేరు వినకయే పెరిగిరి. ఆ నష్టము మనది.

1940లో వారు న్యూయార్కు రాష్ట్రమందలి పెర్ల్ రివర్‌లోని లెడర్లీ ప్రయోగశాలలకు పోయి, అనతికాలముననే అచ్చటి పరిశోధనలకు అధ్యక్షులైరి. సోదరుని మరణమునుండి వెంటాడుచున్న ప్రశ్నకు అచ్చట సమాధానము చిక్కెను. ఆకుకూరలలోను కాలేయములోను నుండి, రక్తవృద్ధికి తోడ్పడు పదార్థమునకు 1941లో టెక్సాసు పరిశోధకులు పాలకూర ఆకులనుండి దానిని తీసి ఫోలిక్ ఆమ్లమని పేరిడిరి. సుబ్బారావుగారి బృందము దాని నిర్మాణమును తేల్చి, 1945లో దానిని కృత్రిమముగ తయారుచేసినట్లు ప్రకటించెను. స్ప్రూ రోగుల కిచ్చి చూడగా వారి రక్తము వృద్ధిపొంది, ఆకలి పుట్టి, బలము వచ్చెను. పురుషోత్తముగారు పోయిన పాతికేండ్లకు మందు దొరకినది. నేడు మన గ్రామములలో ఆరోగ్య కార్యకర్తలు గర్భిణీ స్త్రీల కిచ్చు ఎర్రని మాత్రలో ఇనుముతోపాటున్నది ఈ ఫోలిక్ ఆమ్లమే.

కణముల వృద్ధికి ఫోలిక్ ఆమ్లము ఆవశ్యకమైనచో, దానిని పోలి దాని పనిని అడ్డగించు పదార్థము దుష్టకణముల పెరుగుదలను ఆపవలెను గదా! సుబ్బారావుగారి బృందము తయారుచేసి పంపిన అమినోప్టెరిన్ అను అట్టి మందును బోస్టను వైద్యుడు సిడ్నీ ఫార్బరు రక్తపు క్యాన్సరు సోకిన బాలుర కిచ్చి, కొందరిలో వ్యాధి తాత్కాలికముగ ఉపశమించెనని 1948లో ప్రకటించెను. దాని తోబుట్టువగు మెథోట్రెక్సేటు నేటికిని క్యాన్సరునకు, కీళ్ళవాతమునకు వాడుకలో నున్నది. బోదకాలు క్రిములపై పనిచేయు హెట్రజాను 1947లో వీరి ప్రయోగశాలనుండియే వచ్చెను. ఇంటింటికి వచ్చి మ్రింగించు డి.ఇ.సి. మాత్ర అదియే. ఆచార్యపదవినుండి విరమించిన వృక్షశాస్త్రజ్ఞుడు డగ్గరు, డెబ్బదియేండ్లు దాటిన వయస్సున ఈ ప్రయోగశాలలోనే మట్టిలోని సూక్ష్మజీవినుండి అరియోమైసిన్ తీసెను. టెట్రాసైక్లిన్ వర్గపు మందులలో అది మొదటిది. అది 1948 జూలైలో వైద్యులముందు ఉంచబడెను.

మరుసటి నెలలోనే, 1948 ఆగస్టులో, సుబ్బారావుగారు నిద్రలోనే గుండెపోటుచే మరణించిరి. వయస్సు 53 సంవత్సరములు. అమెరికాకు పోయిన పిదప మాతృదేశమును మరల చూడలేదు, అమెరికా పౌరసత్వమును స్వీకరింపలేదు. వారు వెళ్ళిన తరువాత పుట్టిన కుమారుడు పసితనముననే గతించెను. తండ్రి ఆ బిడ్డ ముఖమైనను ఎరుగడు. భార్య శేషగిరిగారు ఇరువదియైదు సంవత్సరములకు పైగా ఎదురుచూచి, చివరకు మరణవార్తయే వినిరి. లక్షలాది గృహములను నిలిపిన మందుల వెనుక నిలువని గృహమొకటి కలదు. వారి జీవితమును స్తుతించువారు దీనిని మరుగుపరుపరాదు.

1953లో ఒక శిలీంధ్రజాతికి సుబ్బరోమైసిస్ అని వారి పేరిడిరి. 1995లో, శతజయంతి సందర్భమున, భారత ప్రభుత్వము వారి చిత్రముతో తపాలా బిళ్ళ వెలువరించెను. నోబెల్ బహుమానము వారికి రాలేదు.

మన గ్రంథాలయము ఇరువదియైదేండ్లు పూర్తిచేసికొన్న ఈ సమయమున వారి చరిత్రను స్మరించుటకు వేరొక హేతువు గలదు. పరీక్ష తప్పి, ఇంటిలో మాట పడలేక, ఈ పఠన మందిరమున ఒక మూల కూర్చుండు బాలురను మనము ప్రతి సంవత్సరము చూచుచున్నాము. ఏ.టి.పి.ని కనుగొన్నవారిలో ఒకరు రెండుమార్లు పరీక్ష తప్పినవారని ఆ బాలురకు చెప్పువారుండవలెను. తప్పినవారందరు సుబ్బారావులు కారు, నిజమే. కాని మూడవసారి పరీక్షకు పంపిన ఆ తల్లివంటివారు ఇంటింట నుండవచ్చును. చదువగోరిన వానికి ఒక దీపమును, ఒక బల్లను, కొన్ని పుస్తకములను సిద్ధపరచి యుంచుట మన గ్రంథాలయము వంతు.